అల్సరేటివ్ కొలైటిస్‌కు మందులన్నీ ఒక్కసారిగా ఆపేయమనే సందేశంలో ఎక్కడెక్కడ తప్పుంది

పెద్దపేగు పూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్ల గ్రూపుల్లో ఒక సందేశం రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంది. సారాంశం ఇది: "మెసలమిన్, స్టెరాయిడ్లు జబ్బును అణచిపెడతాయే తప్ప నయం చేయవు. కిడ్నీలు పాడుచేస్తాయి. చివరికి పేగు కోసేసి జీవితాంతం పొట్టకు సంచి తగిలిస్తారు. అన్ని మందులూ ఈరోజే మానేసి 45 రోజులు పసుపు, మజ్జిగ, కలబంద తీసుకోండి. పుండ్లు మానిపోతాయి. వేలమందికి తగ్గింది."

ఇందులో సగం నిజాలున్నాయి. జనం నమ్మేదీ అందుకే. ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

"వేలమందికి తగ్గింది."

తగ్గి ఉండొచ్చు. అయితే ఈ జబ్బు స్వభావమే రావడం, తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం. కొత్త మందుల పరీక్షల్లో కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. అలాంటి పరీక్షలన్నిటినీ కలిపి 2017లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ లెక్క చూసింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో నూటికి 33 మందికి కొంత మెరుగు కనిపించింది. 12 మందికి జబ్బు పూర్తిగా సద్దుమణిగింది. ఆ సమయంలో వాళ్లు పసుపు తాగుతుంటే పేరు పసుపుకే వచ్చేది. తగ్గినవాళ్లు వీడియో చేస్తారు. తిరగబెట్టి ఐసీయూలో చేరినవాళ్లు చేయరు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర రక్తం, బంక కలిసిన విరేచనాలన్నీ అల్సరేటివ్ కొలైటిస్ కావు. అమీబా వల్ల, షిగెల్లా లాంటి బ్యాక్టీరియా వల్ల వచ్చినవీ అచ్చం అలాగే ఉంటాయి. బ్యాక్టీరియా విరేచనాలు చాలావరకు రెండు వారాల్లోపే తగ్గిపోతాయి. కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో పేగు లోపల చూస్తూ, ముక్క తీసి బయాప్సీ చేస్తే, లోపలి పొరలోని గ్రంథులు వంకరలు తిరిగి, కొమ్మలు చీలి ఉన్నాయా లేదా అన్నది బయటపడుతుంది. అలా ఉంటే చాలాకాలంగా ఉన్న జబ్బు, లేకపోతే కొత్తగా తగిలిన ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. బయాప్సీ లేకుండా "నాకు కొలైటిస్ తగ్గింది" అనేవాళ్లకు అసలు ఆ జబ్బు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

"మందులు అణచిపెడతాయే తప్ప నయం చేయవు."

ఈ జబ్బును వేళ్లతో సహా తీసేసే మాత్ర లేదు. ఆ మాట నిజం. అందుకని మందులు పనికిరావనడం తప్పు. పేగు లోపలి పొర వాచి ఉన్నంతకాలం రక్తం పోతుంది, ఐరన్ తగ్గుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆ పొరను ఏళ్ల తరబడి మానిన స్థితిలో నిలపడమే చికిత్స లక్ష్యం.

ఈ జబ్బుకు సాధారణంగా మొదట వాడే మందు మెసలమిన్ కథ తెలుసుకోదగ్గది. దాని ముందు తరం మందు సల్ఫాసలజిన్‌ను స్వీడన్ డాక్టర్ నానా స్వార్ట్జ్ కీళ్లవాతానికని తయారు చేయించారు. అది కొలైటిస్‌కూ పనిచేసింది. అందులో రెండు భాగాలుంటాయి: సల్ఫా ఒకటి, 5-ఏఎస్ఏ ఒకటి. పనిచేసేది ఏదో తేల్చిన ప్రయోగం 1977లో లాన్సెట్‌లో వచ్చింది. చేసినవాళ్లు బంగ్లాదేశ్‌కు చెందిన డాక్టర్ ఆజాద్ ఖాన్, ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన సహచరులు. మొత్తం మందు, దాని రెండు భాగాలు విడివిడిగా, ఈ మూడింటినీ ఎనీమాగా, అంటే మలద్వారం గుండా ఎక్కించి చూశారు. 5-ఏఎస్ఏ ఇచ్చినవాళ్లకు మొత్తం మందుతో సమానంగా తగ్గింది, సల్ఫా ఒక్కటే ఇచ్చినవాళ్లకు అంతగా తగ్గలేదు. వికారం, తలనొప్పి, మగవాళ్లలో వీర్యకణాలు తగ్గడం లాంటివి ఎక్కువగా సల్ఫా వల్లే. అందుకే దాన్ని వదిలేసి 5-ఏఎస్ఏ మాత్రమే ఉన్న మెసలమిన్ తెచ్చారు.

"వాడినా తగ్గలేదు" అనేవాళ్లలో చాలామందికి లోపం వాడే పద్ధతిలోనే ఉంటుంది. మెసలమిన్ రక్తంలో కలిసి పనిచేసే మందు కాదు, పేగు పొరకు తగిలి పనిచేస్తుంది. చాలా రకాల మాత్రలకు పైన పూత ఉంటుంది. చిన్నపేగు చివర దాకా అది కరగకూడదు. మాత్ర పొడిచేసి మింగితే మందు పైనే రక్తంలోకి వెళ్లిపోతుంది, పెద్దపేగుకు దక్కేది తక్కువ. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు రోజుకు 2.4 నుంచి 4.8 గ్రాములు కావాలి. 400 మి.గ్రా. మాత్రలు పూటకొకటి చొప్పున మూడు పూటలా వేసుకున్నా అది కనీస మోతాదులో సగమే.

రెండోది ఎనీమా. జబ్బు మొదలయ్యేది మలద్వారం పక్కనున్న పురీషనాళంలో, అక్కడి నుంచి పైకి పాకుతుంది. మాత్ర మందు అంత కిందికి సరిగా చేరదు. మాత్ర, ఎనీమా రెండూ కలిపి వాడితే మాత్ర ఒక్కటే వాడినదానికన్నా బాగా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అయినా సిగ్గుకొద్దీ ఎనీమా మానేసేవాళ్లే ఎక్కువ. పడుకోబోయే ముందు దొడ్డికి వెళ్లొచ్చి, సీసా బాగా కుదిపి, ఎడమ పక్కకు తిరిగి కుడి మోకాలు మడిచి, మెల్లగా ఎక్కించుకుని, కనీసం అరగంట అదే పక్కన ఉండాలి. రాత్రంతా ఆగితే మంచిది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు మందు లోపల ఆగదు. అలాంటప్పుడు డాక్టర్ ముందు 1 గ్రాము సపోజిటరీతోనో (మలద్వారంలో పెట్టే మాత్ర) ఫోమ్‌తోనో మొదలుపెట్టి, తర్వాత ఎనీమాకు మారుస్తారు.

తగ్గాక మానేస్తే ఏమవుతుంది? అమెరికాలో జబ్బు సద్దుమణిగి మెసలమిన్ మీద ఉన్నవాళ్లను వెంబడించి చూసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. డాక్టర్ రాసిన మందులో 80 శాతం కన్నా తక్కువ వాడినవాళ్లకు తిరగబెట్టే ముప్పు, సరిగ్గా వాడినవాళ్ల కన్నా అయిదు రెట్లకు పైగా ఎక్కువ.

"కిడ్నీలు పాడవుతాయి."

మెసలమిన్ అరుదుగా కొందరికి కిడ్నీలో వాపు తెస్తుంది. అది మోతాదుతో పెరిగేది కాదు, ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. కనుకే మొదలుపెట్టే ముందు, రెండు మూడు నెలలకు, ఆపైన ఏడాదికోసారి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూడాలి. పెరిగితే మందు ఆపుతారు. తొలిదశలో పట్టుకుంటే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. స్టెరాయిడ్లకు వేరే హాని ఉంది: షుగర్, ఎముకల బలం తగ్గడం, కంటిలో శుక్లాలు, ముఖం ఉబ్బడం. కిడ్నీని, పేగును రెండిటినీ దెబ్బతీసేవి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. వాటి గురించి ఈ సందేశంలో ఒక్క మాటా లేదు.

"అన్ని మందులూ ఈరోజే మానేయండి."

ఈ మొత్తంలో ప్రాణం తీసే వాక్యం ఇదే.

ప్రెడ్నిసొలోన్ సాధారణంగా రోజుకు 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఒకటి రెండు వారాలయ్యాక వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తారు. మొత్తం దాదాపు రెండు నెలలు. ఎందుకంత నిదానం? కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు మన ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను తయారుచేస్తాయి. మూడు వారాలకు పైగా బయటి నుంచి వస్తుంటే అవి పని ఆపేయొచ్చు. అప్పుడు మాత్ర ఒక్కసారిగా ఆపితే లోపలి నుంచి రాదు, బయటి నుంచీ లేదు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం జరుగుతాయి. దాన్ని "విషాలు బయటికి పోతున్నాయి" అని సర్దిచెప్పిన వీడియోలూ ఉన్నాయి. అంతకన్నా ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు.

స్టెరాయిడ్‌ను ఏళ్ల తరబడి వాడకూడదన్నది మాత్రం సరైన మాట. అది మంట ఆర్పడానికే. తగ్గించిన ప్రతిసారీ జబ్బు లేస్తుంటే, రోగనిరోధక శక్తిని అదుపుచేసే అజాథయోప్రిన్‌కో, ఇన్‌ఫ్లిక్సిమాబ్, టోఫాసిటినిబ్ లాంటి మందులకో మారాలి. వాటికీ జాగ్రత్తలున్నాయి. అజాథయోప్రిన్ ఆసియా వాళ్లలో కొందరికి ఎన్‌యుడిటి15 అనే జన్యువులోని తేడా వల్ల తెల్లకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మొదటి నెలల్లో తరచూ రక్త పరీక్ష చేయాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, టోఫాసిటినిబ్ నిద్రపోతున్న క్షయను లేపగలవు. మన దేశంలో ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, హెపటైటిస్-బి పరీక్ష లేకుండా వాటిని మొదలుపెట్టకూడదు.

స్టెరాయిడ్లు రాకముందు రోజులు ఎలా ఉండేవో కూడా చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టర్లు ట్రూలవ్, విట్స్ చేసిన పరీక్ష 1955లో పూర్తి రూపంలో వచ్చింది. తీవ్రమైన దశలో కార్టిసోన్ అనే స్టెరాయిడ్ అందనివాళ్లలో నూటికి 24 మంది చనిపోతే, అందినవాళ్లలో 7 మంది. ఇవాళ అనుభవమున్న ఆసుపత్రుల్లో అది నూటికి ఒకరి కన్నా తక్కువ.

"పసుపు, మజ్జిగ, కలబంద చాలు."

పసుపు మీద పరిశోధన జరగలేదని కాదు. జపాన్‌లో 2006లో వచ్చిన పరీక్షలో, పసుపులోని ప్రధాన పదార్థం కర్‌క్యుమిన్ రోజుకు 2 గ్రాములు తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. అయితే వాళ్లంతా మెసలమిన్ లేదా సల్ఫాసలజిన్ మానకుండా వాడుతున్నవాళ్లే. పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం. 2 గ్రాములు కావాలంటే రోజుకు 65 గ్రాములకు పైగా పసుపు తినాలి. చెంచా పసుపులో వచ్చేది 100 మి.గ్రా. అటూ ఇటూ. ఢిల్లీ ఎయిమ్స్‌లో 450 మి.గ్రా. కర్‌క్యుమిన్ ఇచ్చి చూసినా మెసలమిన్‌తో వచ్చినదానికి మించిన ఫలితం రాలేదు. అదే ఎయిమ్స్ బృందం 2022లో ఆరోగ్యవంతుల మలం నుంచి సూక్ష్మజీవులను ఎక్కించడం, దాంతోపాటు ప్రత్యేక ఆహారం ఇవ్వడం పరీక్షించి మంచి ఫలితాలు చూపింది. అక్కడా పాత మందులు మాన్పించలేదు.

మజ్జిగ పడితే తాగండి, ఏ హానీ లేదు. కలబంద గుజ్జు విషయంలో జాగ్రత్త: ఆకు తొక్క కిందుండే పసుపుపచ్చ పసరు కలిస్తే అది విరేచనకారి. పేరులేని చూర్ణాల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందని 2008లో అమెరికా వైద్యపత్రిక జామా ప్రచురించింది.

"చివరికి పేగు కోసి జీవితాంతం సంచి పెడతారు."

నార్వేలో రోగులను 10 ఏళ్లు వెంబడించి చూస్తే, పేగు తీయాల్సి వచ్చినవాళ్లు నూటికి 10 మంది లోపే. తీసినవాళ్లందరికీ సంచి శాశ్వతం కాదు. లండన్‌లో సర్జన్లు పార్క్స్, నికోల్స్ 1978లో చూపిన పద్ధతి ఇప్పుడు అంతటా ఉంది. అత్యవసరంగా అయితే ముందు పెద్దపేగు తీసి, పురీషనాళం ఉంచి, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెస్తారు. కొన్ని నెలల్లో మనిషి కోలుకుని స్టెరాయిడ్ ఆగాక పురీషనాళం కూడా తీసి, చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి 15–20 సెం.మీ. తిత్తి కుట్టి మలద్వారానికి కలుపుతారు. కుట్లు మానేదాకా రెండు మూడు నెలలు సంచి ఉంటుంది, తర్వాత మూసేస్తారు. ఆపైన రోజుకు అయిదారు సార్లు విరేచనం అవుతుంది, రక్తం, ఆగలేని తొందర ఉండవు. లోపాలూ ఉన్నాయి. సగం మందికి దగ్గరగా ఎప్పుడో ఒకప్పుడు తిత్తి వాస్తుంది. చాలావరకు రెండు వారాల సిప్రోఫ్లాక్సాసిన్‌తోనో మెట్రోనిడజోల్‌తోనో తగ్గుతుంది. కటిభాగంలో ఆపరేషన్ కనుక ఆడవాళ్లలో గర్భం రావడం కష్టం కావొచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట సర్జన్‌తో ముందే మాట్లాడాలి.

సంచి ఉన్న నెలల్లో ఇబ్బంది పెట్టేది నీరు, ఉప్పు పోవడం. సంచిలోకి రోజుకు లీటరున్నర దాటి పోతుంటే వట్టి నీళ్లు తాగేకొద్దీ ఇంకా పోతుంది. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి తాగాలి, డాక్టర్ చెప్పినట్టు, విరేచనం తగ్గించే లోపెరమైడ్ వేసుకోవాలి.

పేగు తీయడంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆలస్యం వల్ల. ఆసుపత్రిలో సూది స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజు లెక్క చూస్తారు. రోజుకు 8 కన్నా ఎక్కువ విరేచనాలున్నా, లేదా 3 నుంచి 8 ఉండి, వాపును చూపే రక్త పరీక్ష సీఆర్‌పీ 45 దాటినా, స్టెరాయిడ్ ఒక్కటే సరిపోదని అర్థం. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా సైక్లోస్పోరిన్ ఇస్తారు. దానికీ లొంగకపోతే వారం పది రోజులు లాగకుండా ఆపరేషన్. పేగు ఉబ్బి చిల్లుపడ్డాక చేస్తే ముప్పు ఎన్నో రెట్లు.

ఈ సందేశం చూసి ఇప్పటికే మందులు ఆపేసినవాళ్లు: మెసలమిన్ అయితే డాక్టర్‌తో మాట్లాడి ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి. స్టెరాయిడ్ అయితే ఎన్నాళ్లు, ఎంత వాడారో, ఏ రోజు ఆపారో కాగితం మీద రాసుకుని ఈరోజే డాక్టర్‌ను కలవండి. రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ రక్త విరేచనాలవుతూ, దాంతోపాటు నాడి 90 దాటడం, జ్వరం 100 డిగ్రీలు మించడం, హిమోగ్లోబిన్ 10.5 లోపు ఉండడం, వాపును చూపే మరో రక్త పరీక్ష ఈఎస్ఆర్ 30 దాటడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ఉండకండి. గ్యాస్ట్రో డాక్టర్, సర్జన్ ఇద్దరూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. విరేచనాలు కట్టే మాత్రలు, నొప్పి మాత్రలు మధ్యలో వేసుకోవద్దు.