జాయిస్ గారి సినిమా హాలు

కథ నచ్చితే మనవాళ్ళు "సినిమా చూస్తున్నట్టే ఉందండీ" అంటారు. అంటే ఫ్లాష్‌బ్యాక్ ఉంది, ట్విస్ట్ ఉంది, చివర్లో కళ్ళు చెమర్చాయి అని. కానీ నూరేళ్ళ కిందట సినిమా నుంచి రచయితలు పట్టుకున్నవాటిలో నాకు గొప్పగా అనిపించేది ఎడిటింగ్: ఒక సీన్ ఠక్కున ఆపేసి, మధ్యలో ఏ వివరణా ఇవ్వకుండా ఇంకో చోట తేలడం.

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ ఏకంగా సినిమా హాలే తెరిచాడు. తను అప్పట్లో ఉంటున్న ట్రియెస్ట్ (ఇప్పటి ఇటలీలోని రేవు పట్నం) వ్యాపారుల డబ్బుతో 1909 డిసెంబర్ 20న, డబ్లిన్ మేరీ స్ట్రీట్‌లో, పేరు వోల్టా. కొన్ని వారాలకే దాన్ని వేరేవాళ్ళకి వదిలేసి ట్రియెస్ట్ వెళ్ళిపోయాడు, ఆ మరుసటి ఏడే హాలు నష్టానికి అమ్ముడుపోయింది (వ్యాపారం ఆయన ఒంటికి పడేది కాదు లెండి). ఆ హాలు వల్లే 'యులిసిస్' పుట్టిందని నేననను గానీ, 1922లో వచ్చిన ఆ నవల పదో అధ్యాయం చదవండి. పంతొమ్మిది ముక్కలు, ఊరంతా ఒకే మధ్యాహ్నం. శవపేటికల కొట్లో ఒకతను నమిలిన గడ్డిపరక రసాన్ని ఉమ్ముతుంటాడు, అదే వాక్యంలో ఎక్కడో ఎకెల్స్ స్ట్రీట్ కిటికీలోంచి ఒక తెల్లటి చెయ్యి నాణెం విసురుతుంది. ఎవరి చెయ్యో, ఎవరికో చెప్పడు. తర్వాతి ముక్కలో ఒంటికాలి నావికుడు అడుక్కుంటూ అదే వీధిలోకి వస్తాడు, అదే నాణెం మళ్ళీ పడుతుంది, అప్పుడు మనకి వెలుగుతుంది.

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1926లో సినిమా మీద ఒక వ్యాసం రాసింది. 'డాక్టర్ కాలిగరి' సినిమా చూస్తుంటే తెర మూల తోకకప్ప ఆకారంలో ఒక నీడ ఉబ్బి, వణికి, మాయమైందట. ప్రొజెక్షన్‌లో ఏదో పొరపాటే అయ్యుండాలి, కానీ పాత్రలు భయపడుతున్నామని చెప్పడం కంటే ఆ మచ్చలోనే భయం ఆవిడకి నేరుగా కనిపించింది. మరుసటి ఏడాది వచ్చిన ఆవిడ నవల 'టు ది లైట్‌హౌస్' మధ్య భాగంలో పదేళ్ళూ ఖాళీ ఇంటి మీదే గడిచిపోతాయి, ముఖ్యమైన మిసెస్ రామ్సే చావు బ్రాకెట్లలో ఒక్క వాక్యం.

అదే మనం రాస్తే ఆ చావుకి నాలుగు పేజీలు, ఆస్పత్రి, ఇండియా నుంచి ఫోను, ఫ్లైట్ టికెట్ల టెన్షన్! పాఠకుడికి అర్థం కాదేమోనన్న బెంగ మనది. అక్కడ మన సినిమాలు కూడా మనకంటే నయం, హీరో ఎయిర్‌పోర్ట్‌కి ఎలా వెళ్ళాడో చూపించకుండానే విమానం ఎగిరిపోతుంది, హాల్లో ఒక్కరూ అడగరు.