మీ రాకే మాకు కానుక (షరతులు వర్తిస్తాయి)

పోయిన నెల ఫోన్‌కి ఒక శుభలేఖ వచ్చింది. ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయిది. బంగారు రంగు అంచు, మధ్యలో ఇద్దరి పేర్లు, రిసెప్షన్ టైము, కింద నాలుగు లైన్ల కవిత. కవిత అని ఎందుకంటున్నానంటే లైన్ల చివర ప్రాస కుదిరింది కాబట్టి. మీ రాకే మాకు వరం, మీ నవ్వే మాకు ఆభరణం, సామాన్లకి ఇంట్లో లేదు స్థలం, ఇక మీ ఇష్టం మీ మనోగతం. ఆ మనోగతం ఏ ఖాతాలో పడాలో చెప్పడానికి దాని కిందే ఒక క్యూఆర్ కోడ్.

అలవాటు కొద్దీ స్కాన్ చేశాను. నలుపు తెలుపు గళ్ళు ఎక్కడ కనపడినా స్కాన్ చేయడం నా బలహీనత. ఫోన్ వెంటనే "ఎంత పంపాలి?" అని అడిగింది. శుభాకాంక్షలు పంపే బటన్ కోసం చాలాసేపు వెతికాను, లేదు. వెనక్కి వచ్చేద్దామంటే "నిజంగానే రద్దు చేయాలనుకుంటున్నారా?" అని ఇంకోసారి నిలదీసింది. ఆ ప్రశ్నలో కొంచెం బాధ కూడా ధ్వనించినట్టు నాకనిపించింది.

దీని మీద లంచ్ టేబుల్ దగ్గర రెండు పార్టీలు ఏర్పడ్డాయి. "పిలిచి మరీ డబ్బులడగడం ఏంటండీ, సిగ్గు లేకుండా" అనే పార్టీ ఒకటి, "ఎలాగూ ఇచ్చేదే కదా, అడిగితే తప్పేంటి" అనే పార్టీ ఇంకొకటి. మొదటి పార్టీలో పెళ్ళయిపోయినవాళ్ళంతా ఉన్నారు, రెండో దాంట్లో ఈ ఏడాది పెళ్ళి పెట్టుకున్నవాళ్ళంతా ఉన్నారు, సిద్ధాంతాలు ఎక్కడ పుడతాయో నాకు అప్పుడే అర్థమైంది. నేను రెండు వైపులకీ సమానంగా తలూపి, ఇంటికొచ్చి తీరిగ్గా ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చాను. అడగడం ముమ్మాటికీ మర్యాదే. కాకపోతే మన జంటలు ఆ మర్యాదని సగంలో వదిలేస్తున్నారు, నా బాధంతా ఆ మిగతా సగం గురించే.

ముందు అడిగేవాళ్ళ తరఫున నాలుగు మాటలు. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అని ఒక అమెరికా ఆర్థికవేత్త ఉన్నాడు. 1993లో ఆయన, తన విద్యార్థుల్నే అడిగి, క్రిస్మస్ కానుకల మీద ఒక లెక్క కట్టాడు. ఇచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాల్లో కలిసిపోతోందని తేల్చాడు, ఎందుకంటే పుచ్చుకున్నవాళ్ళ దృష్టిలో ఆ వస్తువుకి అంత విలువ లేదు. ఆయన మా ఇంటికి రాలేదు, అందుకే మూడో వంతు దగ్గర ఆగాడు. మా పెళ్ళికి ఎవరో గాజు హంసల జంట ఇచ్చారు. రెండూ ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉంటాయి, మధ్యలో ఖాళీ గుండె ఆకారంలో కనపడుతుంది, కింద చిన్న బల్బు. రెండో వారంలోనే ఒక హంస మెడ విరిగింది. శకునంగా తీసుకోలేదు, తీసుకున్నా అప్పటికే ఆలస్యమైంది. పారేద్దామంటే, ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా ఇంటికొస్తే? అందుకని ఇరవై నాలుగేళ్ళుగా మొండెం ఉన్న వైపు గోడకి తిప్పి షోకేసులో నిలబెట్టాం. వాళ్ళు ఒక్కసారి కూడా రాలేదు. అదే డబ్బు ఇచ్చి ఉంటే ఆ రెండో వారానికే హాయిగా ఖర్చయిపోయేది, తుడవాల్సిన పని కూడా ఉండేది కాదు.

పైగా ఈ అడగడం కొత్తదేమీ కాదు. 1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఒక ఏర్పాటు చేసింది: పెళ్ళికూతురు తనకేం కావాలో షాపులో రాయించి వెళ్తే, వచ్చేవాళ్ళు ఆ జాబితాలోంచి కొనిస్తారు. దానికి రెండేళ్ళ ముందే, అంటే 1922లో, అమెరికాలో మర్యాదల విషయంలో చివరి మాట అనిపించుకున్న ఎమిలీ పోస్ట్ పుస్తకం వచ్చింది. ఆమె పేరుతో నడిచే సంస్థ ఇప్పటికీ శుభలేఖ మీద కానుకల జాబితా ఊసు ఎత్తకూడదనే చెబుతుంది. జనం ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించారు. శుభలేఖ మీద రాయలేదు. వేరే చిన్న కాగితం మీద రాసి శుభలేఖతో పాటు కవర్లో పెట్టారు. జాబితాలో పూలకుండీ ఉన్న చోటికి కొన్నాళ్ళకి హనీమూన్ టికెట్టు వచ్చింది, టికెట్టు ఉన్న చోటికి డబ్బు వచ్చింది, డబ్బుకి జాబితా దేనికని జాబితా పోయింది.

అసలు అడగనక్కర్లేకుండానే అన్నీ సక్రమంగా జరిగే దేశాలూ ఉన్నాయి. జపాన్‌లో స్నేహితుడి పెళ్ళికి 30,000 యెన్‌లు మామూలు. రెండుగా విడిపోని అంకె కావాలి కాబట్టి మూడు. నోట్లు కొత్తవై ఉండాలి, ఈ రోజు కోసం ముందే సిద్ధపడ్డామని చెప్పడానికి. కవరుకి కట్టే తాడు ముడి విప్పరానిదై ఉండాలి, ఈ పెళ్ళి ఇంకోసారి జరగకూడదు కాబట్టి. చైనాకి వెళ్తే లెక్క తిరగబడుతుంది, అక్కడ సరి సంఖ్యలు శుభం, నాలుగు తప్ప, ఎందుకంటే ఆ అంకె పలికితే చావు అనే మాటలా వినపడుతుంది. నైజీరియాలో జంట మీద నోట్లు చల్లుతారు, కానీ 2007 నాటి కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం అలా చల్లడం నేరం, కనీసం ఆరు నెలల జైలు లేదా 50,000 నైరాల జరిమానా లేదా రెండూ. దీవించడానికి వెళ్ళేటప్పుడు వకీలుని కూడా వెంటబెట్టుకుని వెళ్ళడం మంచిది.

దక్షిణ కొరియాలో ఇంత తికమక లేదు. హాలు బయట టేబులు, దాని మీద పుస్తకం. కవరు ఇస్తే పేరు రాసుకుని చేతిలో భోజనం టోకెన్ పెడతారు. ఇంతకన్నా నిజాయితీగా ఉండటం ఎవరి తరమూ కాదు. అక్కడి ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి, ఒక అధికారికి ఆయనతో పనున్నవాళ్ళు ఎంతవరకు చదివించవచ్చో చట్టంలోనే పెట్టింది. 2016లో అమల్లోకి వచ్చినప్పుడు 1,00,000 వాన్‌లు, 2018లో దాన్ని 50,000కి దించారు. అంటే ఆశీర్వాదం ఎక్కడ ఆగి లంచం ఎక్కడ మొదలవుతుందో వాళ్ళు అంకెల్లో చెప్పగలరు. మనలాంటి వాళ్ళం ఇలాంటివి ముఖాలు చూసి అంచనా వేసుకోవాలి.

కానీ నా మనసు దోచినవాళ్ళు వేల్స్ జనం. బ్రిటన్‌కి పడమటి వైపున్న ఆ చిన్న దేశంలో 18, 19 శతాబ్దాల్లో పెద్దగా డబ్బులేని జంటలు పెళ్ళికి 'బిడ్డింగ్' పెట్టుకునేవాళ్ళు. రిబ్బన్లు కట్టిన కర్ర పట్టుకుని ఒకాయన ఇంటింటికీ తిరిగి, గుమ్మంలో నిలబడి ప్రాస కలిపిన పిలుపు గడగడా చదివి, ఫలానా రోజు పెళ్ళి, రండి, తోచింది తెండి అని చెప్పి వెళ్ళేవాడు. తర్వాత తర్వాత ఈ పిలుపుల్ని ఉత్తరాలుగా అచ్చు వేయించారు. అంటే కవితా అప్పుడే ఉంది, అడగడమూ అప్పుడే ఉంది, మా ఆఫీసు అబ్బాయి సొంతంగా కలిపింది క్యూఆర్ కోడ్ ఒక్కటే. కానీ ఆ అచ్చు ఉత్తరాల్లో మన శుభలేఖల్లో లేని ఒక ముక్క ఉండేది. మీరేమిచ్చినా కృతజ్ఞతతో పుచ్చుకుంటాం, మీకిలాంటి సందర్భం వచ్చి అడిగిన రోజున సంతోషంగా తిరిగిస్తాం అని. ఎవరు ఎంత ఇచ్చారో రాసి పెట్టుకునేవాళ్ళు. అక్కడితో ఆగలేదు. మా అమ్మానాన్నలకి ఇదివరకు మీరెవరెవరు బాకీ ఉన్నారో వాళ్ళంతా దయచేసి ఆ రోజే తెచ్చి ఇవ్వండి అని కూడా కొన్ని ఉత్తరాల్లో ఉండేది. చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. రెండు వందల ఏళ్ళ కింద, పేదవాళ్ళు, ఇంత స్పష్టత!

నేను మర్యాదలో మిగతా సగం అన్నది దీన్నే. అడగండి, తప్పకుండా అడగండి, అడిగేటప్పుడు సంతకం పెట్టిన చీటీ కూడా ఇవ్వండి. ఇప్పటి శుభలేఖలో పుచ్చుకునే వైపు అంతా బ్యాంకు పద్ధతిలో ఉంటుంది, ఖాతా నంబరుతో సహా. ఇచ్చే వైపు మాట వచ్చేసరికి మాత్రం బంధాలు, అనుబంధాలు, మనోగతం. చీటీ ఉంటే చాలా సందేహాలు తీరతాయి. నా స్నేహితుడొకడు పెళ్ళి చేసుకోనని భీష్మించుక్కూచున్నాడు, ఇప్పటికి నలభై పెళ్ళిళ్ళకి ఇచ్చి ఉంటాడు, వాడి బాకీ ఎవరు ఏ సందర్భానికి తీర్చాలి? ఇంకొకాయన రెండో పెళ్ళికి పిలిచాడు, మొదటి దానికి ఇచ్చింది ఇందులో సర్దుకోవచ్చా, లేక అది పాత ప్రభుత్వం హామీ కిందికి వస్తుందా? ఇవి ఆషామాషీ ప్రశ్నలు కావు.

ఈ మధ్య ఇంకో సిద్ధాంతం కూడా వినపడుతోంది, మనకి పెట్టే ప్లేటు ఖరీదుకి తగ్గకుండా ఇవ్వాలట. సరే, నేను సిద్ధమే. కానీ ప్లేటు ఖరీదు ఎవరూ ముందు చెప్పరే! శుభలేఖలో ముహూర్తం పక్కనే అది కూడా వేస్తే సరిపోతుంది కదా. నాకు షుగరుంది, స్వీట్ల జోలికి వెళ్ళను, ఆ మేరకు తగ్గించుకోవచ్చా? మా ఆవిడ వచ్చేసరికి కొన్ని అయిపోయాయంటారు, దానికి రీఫండ్ ఉంటుందా? లాగి లాగి మాట్లాడుతున్నానని మీకనిపించవచ్చు. లాగడం నేను మొదలుపెట్టలేదు.

ఇంతా చెప్పి రిసెప్షన్‌కి వెళ్ళాను, వెళ్ళకుండా ఎలా ఉంటాం. ఆ కోడ్‌కి పంపడం మనసొప్పక నోట్లే కవర్లో పెట్టుకుని వెళ్ళాను. స్టేజీకి పది అడుగుల ముందు, ఎవరూ తప్పించుకోలేని మలుపులో, శాటిన్ గుడ్డ కప్పిన పెట్టె ఉంది. పైన సన్నటి చీలిక. పక్కన కుర్చీలో పన్నెండేళ్ళ పిల్లాడు ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నాడు. నా కవరు చీలికలో పట్టలేదు. "మడిచి వేయండి అంకుల్" అన్నాడు తలెత్తకుండా. మడిస్తే లావయింది, సగం దిగి ఇరుక్కుంది. వెనక క్యూ కదలడం మానేసింది. పిల్లాడు నిట్టూర్చి, గేమ్ ఆపి, కుర్చీ కింద నుంచి ఒక ప్లాస్టిక్ స్కేలు తీసి చీలికలో ఒక్క పోటు పొడిచాడు. కవరు లోపలికి పోయింది. స్కేలు ముందే సిద్ధంగా పెట్టుకున్నాడంటే ఆ సాయంత్రం ఇరుక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదన్నమాట.

అది లోపల పడిన మరుక్షణం గుర్తొచ్చింది, కవరు మీద పేరు రాయలేదు.

గుప్తదానం గొప్పదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ క్షణంలో దాని గొప్పతనం నాకు ఏ కోశానా కనపడలేదు. "బాబూ, ఒక్కసారి పెట్టె తెరుస్తావా" అంటే "తాళం మామయ్య దగ్గరుంది" అన్నాడు. మామయ్య ఎక్కడున్నాడంటే స్టేజీ మీద. స్టేజీ ఎక్కి, ఫొటోకి నిలబడి, పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యేసి, ఫొటోగ్రాఫర్ నవ్వమంటుంటే నవ్వుతూనే అతని చెవిలో అన్నాను, "బాబూ, ఆ నీలం కవరు, మడత పెట్టినది, అది నాదే." అతను కూడా నవ్వుతూనే "అయ్యో, దానిదేముంది సార్" అన్నాడు. దానిదేముంది అంటే రాసుకుంటాడనా, రాసుకోడనా? ఆ ఫొటో నిన్న నాకు పంపాడు. దాంట్లో నా నోరు తెరిచి ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడతో చెప్పాను, వచ్చే ఏడు మన పెళ్ళయి పాతికేళ్ళవుతుంది, చిన్న ఫంక్షన్ చేద్దాం, వేల్స్ వాళ్ళ పద్ధతిలో ఉత్తరం అచ్చు వేయిద్దాం, ఇచ్చింది తిరిగిస్తామని, ఇదివరకటి బాకీలు కూడా ఆ రోజే తీర్చమని. ఆమె అంతా విని, "అయితే ముందు మన పెళ్ళి పుస్తకం తీయండి, ఎవరికి ఎవరు బాకీయో చూద్దాం" అంది.

అటక మీద దొరికింది. అట్ట ఊడిపోయింది కానీ లోపల లెక్క చెక్కు చెదరలేదు. వరసగా పేర్లు, ఎదురుగా అంకెలు. గంట కూర్చుంటే తేలింది ఏంటంటే, మనకి రావలసినవాళ్ళు ఇద్దరు, మనం ఇవ్వవలసినవాళ్ళు ముప్పై ఒక్కరు. చివరి పేజీలో వస్తువులు. అక్కడ "గాజు హంసలు, 1 జత" అని ఉంది, ఎదురుగా నా పాత మేనేజరు పేరు. ఆయన కూతురి పెళ్ళికి పిలిస్తే నాకు జ్వరమని చెప్పి ఎగ్గొట్టాను, అది మా ఆవిడకి నాకన్నా బాగా గుర్తుంది.

"ఆయనకి ఎంత ఇవ్వాలంటారు?" అంది.

అప్పటి ధర అనుకున్నాం, ఇప్పటి ధర అనుకున్నాం, పదకొండు దాటింది. మెడ విరిగినదాన్ని సగానికి లెక్కేయాలా, అది మన చేతిలో విరిగింది కాబట్టి పూర్తిగా వేయాలా అన్న దగ్గర ఇంకా తెగలేదు.