కెలికితే పాకుతుందా?

కోనసీమలో కామెర్లు వస్తే ముందు పసరు మందు. తగ్గకపోతే అమలాపురంలో స్కాన్. క్లోమంలో గడ్డ ఉందని, సూదితో ముక్క తీయాలని డాక్టరు అనగానే ఇంట్లో పెద్దలు అడ్డుపడతారు: "గడ్డను కెలక్కండి, కెలికితే పాకుద్ది."

ఈ భయం పూర్తిగా ఉత్తిది కాదు. సూది దారిలో క్యాన్సర్ కణాలు అంటుకున్న సందర్భాలున్నాయి, కానీ చాలా అరుదు. పైగా ఇప్పుడు పొట్ట మీద నుంచి కాకుండా, నోట్లోంచి ఎండోస్కోప్ దించి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో చూస్తూ లోపలి నుంచే గుచ్చుతారు. గడ్డ క్లోమం తల భాగంలో ఉంటే సూది చిన్నపేగు మొదటి భాగం గోడలోంచి వెళ్తుంది. ఆపరేషన్ చేస్తే ఆ పేగు ముక్కా గడ్డతో పాటే పోతుంది. స్కాన్‌లో అంతా స్పష్టంగా ఉంటే సూది లేకుండానే ఆపరేషన్‌కు వెళ్లే సర్జన్లూ ఉన్నారు. కానీ కీమో మొదలుపెట్టాలంటే ముక్క పరీక్ష తప్పదు.

ఎందుకంటే క్లోమం క్యాన్సర్లన్నీ ఒకటి కాదు. పదింట తొమ్మిది అడినోకార్సినోమా, అంటే అందరూ భయపడే రకం. మిగతావాటి దారి వేరు. 2003లో యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్‌కు ఇలా సూదితో కణాలు తీసి చూశాకే అది హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే, అరుదైన న్యూరోఎండోక్రైన్ రకమని తేలింది. (ఆపరేషన్‌ను ఆయనే నెలల తరబడి వాయిదా వేశారు, అది వేరే కథ.) వయసు ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించే సాలిడ్ సూడోపాపిల్లరీ గడ్డ ఆపరేషన్‌తో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. జీర్ణరసాలు తయారుచేసే కణాల్లో పుట్టే, పెద్దల్లో నూటికి ఒకటో రెండో ఉండే ఎసినార్ సెల్ రకం మైక్రోస్కోప్ కింద అచ్చం న్యూరోఎండోక్రైన్ లాగే కనిపించి బోల్తా కొట్టిస్తుంది. ట్రిప్సిన్, బీసీఎల్10 లాంటి ప్రొటీన్లను రంగుతో పట్టిచ్చే స్టెయిన్లు వేస్తే గానీ తేడా తెలియదు.

స్టెయిన్లకు సరుకు కావాలి. విడి కణాలు పీల్చే ఎఫ్‌ఎన్‌ఏ కన్నా సన్నని ముక్కనే కోసి తెచ్చే ఎఫ్‌ఎన్‌బీ సూది ఇక్కడే మేలు అంటాను.

మా బంధువు ఒకాయనకు ఒక ఆసుపత్రి ఇచ్చిన రిపోర్టులో 'క్యాన్సర్ ఉంది' అని తప్ప ఏ రకమో లేదు. కీమో తేదీ మాత్రం ఇచ్చేశారు! హైదరాబాద్ వెళ్తే అక్కడ అడిగింది రిపోర్టు కాదు, బ్లాక్. తీసిన ముక్కను మైనంలో పోసి ల్యాబ్‌లో దాచే దిమ్మ అది. అడిగితే ఇస్తారని మాకు అప్పటిదాకా తెలియదు. దాని కోసం వెనక్కి వచ్చి, మళ్లీ రాత్రి బస్సెక్కాం. స్టెయిన్లు వేశాక న్యూరోఎండోక్రైన్ అని తేలింది. ఆ కీమో ఆగిపోయింది.