సంతకం గల గిటార్ దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సంతకం గల ఎలక్ట్రిక్ గిటార్ దొరవారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం ప్రదర్శన పెట్టె అద్దంలోంచి చూసి తెలుసుకున్నాను. తమరికి ఏసీ, నాలుగు వైపులా లైట్లు, కాపలాకి ఒక సెక్యూరిటీ అన్న. మాకు క్యూలో ఫ్యాను కూడా లేదు, అది వేరే సంగతి.

పోస్టర్ మీద ఏం రాశారో తమరికి తెలియకపోవచ్చు. "లెజెండ్ గిటార్‌ని మీ చేతుల్లోకి తీసుకోండి, ఒక రిఫ్ వాయించండి" అని (రిఫ్ అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరస). ఆ ముక్క నమ్మే టికెట్ కొన్నాను, జేబులో పిక్, అదే తీగలు మీటే బిళ్ళ, వేసుకుని వచ్చాను, ఆదివారం మధ్యాహ్నమంతా మాల్‌లో నిలబడ్డాను. తీరా నా వంతొచ్చాక, చేతుల్లోకి తీసుకోవడమంటే ఫొటోలో అట! గిటార్ బొమ్మ వేసిన అట్టముక్క ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద తీగలు ఐదే గీశారు. తమరి పెట్టె ముందు నిలబెట్టి క్లిక్‌మనిపించి, "జరగండి సార్, జరగండి" అన్నారు.

పెట్టె పక్కన "కాలాతీతమైన సంగీత వారసత్వం" అని ఫలకం. హాల్లో స్పీకర్లలో మాత్రం పెళ్ళి డీజే మిక్స్. పోనీయండి. టీషర్టు ధర చూసి దండం పెట్టి వచ్చేశాను. అదీ పోనీయండి. సంతకం అసలుదేనని హోలోగ్రామ్ అంటించిన సర్టిఫికెట్ తమరికన్నా గొప్ప ఫ్రేములో ఉంది. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ స్వయంగా సంతకం చేశాడని ఒక్కోటి 599 డాలర్లకి అమ్మిన పుస్తకాల మీద సంతకాలు మెషిన్ పెట్టినవని 2022లో బయటపడి, ఆయనే క్షమాపణ చెప్పుకున్నాడు. అలాంటి లోకంలో హోలోగ్రామ్‌ని అనుమానించడానికి నేనెంత?

కానీ దొరా, ఆ తీగలేంటి?

ఆరుకి ఆరూ తుప్పు. సన్న తీగల మీద గోధుమరంగు మచ్చలు, లావు తీగల చుట్ల మధ్య నల్లటి మడ్డి. మూడోదైన జి తీగైతే ఎంత వదులైపోయిందంటే, కింద తీగల కదలికని పట్టే అయస్కాంతపు పికప్ మీద వాలి నిద్రపోతోంది. కొత్త సెట్ వెయ్యి రూపాయల లోపే వస్తుంది. తమరి మీద పడే ఒక్క లైటుకి అంతకన్నా ఎక్కువే పెట్టి ఉంటారు. తీగలు లాగి పట్టకపోతే లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీ నెక్‌ని, అంటే గిటార్ మెడని, వెనక్కి వంచేస్తుందని నేర్చుకునే పిల్లాడికి కూడా తెలుసు. తమరిని భద్రంగా దాస్తున్నామంటూ రోజుకింత వంకర తిప్పుతున్నారు.

ఎందుకు మార్చలేదని నిర్వాహకుణ్ణి అడిగాను. "సంతకం చెరిగిపోతుంది సార్" అన్నాడు.

సంతకం ఉన్నది పిక్‌గార్డ్ మీద. పిక్ గీతలు చెక్క మీద పడకుండా, తన మీద పడనివ్వడానికే పుట్టిన ప్లాస్టిక్ రేకు అది. సరిగ్గా అక్కడే సంతకం పెట్టించి, ఇక మీదట ఎవరూ గీత పెట్టకూడదన్నారు. తమరి స్ట్రాటోకాస్టర్ జాతిలో ఆ రేకుకి ఉండేవి మామూలుగా పదకొండు స్క్రూలు. అవి విప్పితే కాలాతీత వారసత్వం మొత్తం ఊడి చేతిలోకొస్తుంది. ఏ చవక గిటార్‌కైనా బిగించి అమ్ముకోవచ్చు, అమ్ముతున్నారు కూడా.

గిటార్లని గోడకి వేలాడదీసే ఈ ఆచారం ఇంగ్లండ్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పుణ్యమే అంటారు. 1979లో లండన్ హార్డ్ రాక్ కెఫేలో తను కూర్చునే చోటు తనదేనని గుర్తుగా ఒక ఫెండర్ కంపెనీ గిటార్ తగిలించమన్నాడు. వారం తిరక్కుండా ద హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ తన గిబ్సన్ గిటార్ పంపి, నాదీ దానికేం తక్కువ కాదని చీటీ పెట్టాడు. ఇద్దరు మిత్రుల పరాచికం అది. దాన్ని పట్టుకుని ప్రపంచమంతా మేకులు కొట్టేసింది.

ఐరిష్ గిటారిస్ట్ రోరీ గాలహర్ పేరు విన్నారా? 1963లో ఐర్లాండ్‌లోని కార్క్ ఊళ్ళో, పదిహేనేళ్ళ కుర్రాడు, వంద పౌండ్లకి సెకండ్‌హ్యాండ్ స్ట్రాటోకాస్టర్ వాయిదాల మీద కొన్నాడు. దాన్ని ఎంత వాయించాడంటే, చెమటకి రంగంతా పోయి చెక్క బయటపడింది. మధ్యలో దొంగలెత్తుకుపోతే వానలో నానిన స్థితిలో దొరికింది, మళ్ళీ వాయించాడు. 1995లో పోయేదాకా దాన్ని వదల్లేదు. దాని మీద ఆయన సంతకం అక్కర్లేదు, మొత్తం గిటారే ఆయన చేతిరాత. 2024లో లండన్ వేలంలో రుసుములతో కలిపి దాదాపు 8 లక్షల 90 వేల పౌండ్లు పలికి, చివరికి ఐర్లాండ్ నేషనల్ మ్యూజియానికి చేరింది. అవును, అదీ ఇప్పుడు పెట్టెలోకే వెళ్ళింది. కానీ ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసి రిటైరైంది. నువ్వు ఉద్యోగంలో చేరకుండానే పెన్షన్ తీసుకుంటున్నావు!

నీ మీద సంతకం చేసిన పెద్దమనిషి నిన్నెంతసేపు పట్టుకున్నాడు? మార్కర్ మూత తీసి మళ్ళీ పెట్టేంతసేపు. ఒక్క కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) అయినా వాయించాడా? ఆయన వారసత్వం నీలో ఎక్కడుంది, ఆ పదకొండు స్క్రూల కిందా?

2005లో ఖతర్‌లో 27 లక్షల డాలర్లకి అమ్ముడైన స్ట్రాటోకాస్టర్ మీద క్లాప్టన్, జిమ్మీ పేజ్, కీత్ రిచర్డ్స్, మెకార్ట్నీ లాంటి రాక్ దిగ్గజాలందరి సంతకాలూ ఉన్నాయి. అదీ వాయించడానికి కాదు. కానీ ఆ డబ్బు సునామీ బాధితుల కోసం, మన కోస్తా ఊళ్ళ మీద కూడా విరుచుకుపడిన ఆ సునామీ. దాన్ని ఒక్క మాట అనను. నీ టికెట్ డబ్బు ఎవరికి పోయింది?

"గ్రీనీ" అనే 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటార్ ఉంది. గిటారిస్ట్ పీటర్ గ్రీన్ నుంచి మరో గిటారిస్ట్ గ్యారీ మూర్‌కి, చేతులు మారి చివరికి మెటాలికా బ్యాండ్ కిర్క్ హామెట్‌కి వచ్చింది. దాని ఒక పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల, రెండు పికప్‌లూ కలిపితే ముక్కుతో పాడినట్టు వింత గొంతు వస్తుంది. కోట్ల విలువైనదాన్ని హామెట్ స్టేజీ ఎక్కించి ఇప్పటికీ వాయిస్తున్నాడు, ఇతరుల చేతికీ ఇస్తాడు. ఆ గొంతు ముగ్గురు మనుషుల్ని దాటి వచ్చింది. నీ గొంతు ఎవడికి తెలుసు?

సెక్యూరిటీ అన్న కూడా నన్ను అదే అడిగాడు. పొద్దున్నుంచి నీ పక్కనే నిలబడ్డాడు పాపం. "సార్, ఇది నిజంగా మోగుతుందా?" అన్నాడు. మోగాలంటే ఏం కావాలో చెప్పాను. తీగలు, కేబుల్, ఒక చిన్న యాంప్లిఫయర్, పావుగంట టైం. "అంతేనా?" అన్నాడు.

నీ మీద కోపం లేదులే. నీ నెక్ మేపుల్ చెక్క, దాని మీది లోహపు ఫ్రెట్లు ఒక్కటీ అరగలేదు. శ్రుతి చేసి ఒక ఇ మేజర్ కార్డ్ కొడితే ఎలా ఉంటావో అద్దం అవతలి నుంచి ఊహించుకుంటూ కాసేపు నిలబడిపోయాను, వెనకవాళ్ళు తిట్టేదాకా. పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కుని చెప్తానన్నాడు అన్న. సంతకం జోలికి రాను. తీగలు మార్చి, నెక్ సరిచేసి వెళ్ళిపోతాను. ఫొటో కూడా వద్దు.

ఇట్లు,
టికెట్ కొన్నవాడు

తా.క.: పది గేజ్ (తీగ మందం) సెట్ తెస్తున్నాను. నీకు తొమ్మిది అలవాటైతే ముందే కబురు పెట్టు.