సలహాలకి కొదవ లేదండి, అడగాల్సినవాళ్లనే అడగట్లేదు

డిగ్రీ ఫలితాలు రావడం ఆలస్యం, అమలాపురం నుంచి భీమవరం దాకా ప్రతి అరుగు మీదా ఒక కెరీర్ కౌన్సిలర్ పుట్టుకొస్తాడు. "బ్యాంకు పరీక్షలు రాయించండి." "మా తోడల్లుడు హైదరాబాదులో ఉన్నాడు, ఒక మాట వేస్తాను." "అమెరికా పంపేయండి, ఆనక అదే సర్దుకుంటుంది." వీళ్లలో చాలామంది ఉద్యోగం కోసం చివరిసారి తిరిగింది ఎప్పుడో పాతికేళ్ల కిందట. పెద్దవాళ్లు, మర్యాదగా వినండి. ఆ మాట పట్టుకుని మూడేళ్లు మాత్రం ధారపోయకండి.

మీరు వెళ్దామనుకుంటున్న పనిలో ఈ రెండు నుంచి ఐదేళ్లలో చేరినవాళ్లనే అడగాలి. ఇరవయ్యేళ్ల సర్వీసున్నాయనకి ఆ పని లోతు తెలుస్తుంది గానీ, ఇవాళ ఫ్రెషర్‌ని ఎలా తీసుకుంటున్నారో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారో, మొదటి నెల చేతికి ఎంతొస్తుందో తెలియదు.

ఇంకో సంగతి. సలహా ఇచ్చేవాడికి డబ్బు ఎటునుంచి వస్తుందో ముందు చూడండి. విదేశీ చదువుల కన్సల్టెన్సీ "మా సర్వీసు ఫ్రీ అండి" అందంటే, చాలాసార్లు మీరు చేరాక యూనివర్సిటీ దగ్గర కమీషన్ తీసుకుంటుందని అర్థం. అది నేరమేం కాదు. కాకపోతే కమీషన్ ఇవ్వని యూనివర్సిటీ పేరు ఆ జాబితాలో కనపడటం కష్టం. అందుకని అదే కోర్సు ఇప్పుడు చదువుతున్న పిల్లలిద్దరితో మాట్లాడాకే డబ్బు కట్టండి. కోచింగ్ సెంటర్లో కౌన్సిలింగ్ చేసే ఆయన జీతం మీ అడ్మిషన్ మీదే నడుస్తుంది, ఆయన "నీకు ఈ పరీక్ష వద్దమ్మా" అని ఎందుకంటాడు? ఇక డబ్బు తీసుకుని "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అనే బ్యాచిని గుమ్మం కూడా ఎక్కనివ్వకండి. కంపెనీలు వెరిఫికేషన్‌లో, పీఎఫ్ ఉన్న ఉద్యోగికి ఇచ్చే యూఏఎన్ నంబరు మీద పీఎఫ్ చరిత్ర చూస్తాయి. పని చేశానని చెప్పిన నెలల్లో జమ లేకపోతే, చేరిన తర్వాతైనా బయటికి పంపేస్తారు.

మరి సరైన మనుషులు ఎక్కడ దొరుకుతారు? ముందు మీ కాలేజీలోనే. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికెళ్లి "ఉద్యోగాలేమైనా ఉన్నాయా సార్" అంటే "చెప్తాలే" అంటాడు. "మన డిపార్ట్‌మెంట్లో గత నాలుగైదేళ్లలో పాసైనవాళ్లు ఎక్కడెక్కడ చేస్తున్నారు సార్" అని అడగండి. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లకి చూపించడానికి ఎవరు ఉద్యోగంలో చేరారు, ఎవరు పీజీకి వెళ్లారు అన్న లెక్క కాలేజీలు రాసుకుంటాయి. ఫోన్ నంబరు చేతికివ్వకపోయినా, మీ మాట అవతలికి అందించమంటే కాదనరు. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి అలమ్నై, అంటే పాత విద్యార్థులు, అన్నచోట నొక్కితే ఊరు, కంపెనీ, చేసే పని వారీగా పేర్లు వస్తాయి. ఇరవై మందికి రాస్తే కొందరే పలుకుతారు, దానికి నొచ్చుకోనక్కర్లేదు.

చెడగొట్టుకునేది మెసేజ్ దగ్గరే. "హాయ్ సార్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని రాసి, కింద రెజ్యూమె తగిలిస్తారు. అవతలివాడికి తన కుర్చీకే గ్యారంటీ లేదు, మీకెక్కణ్ణుంచి తెస్తాడు? ఇలా రాసి చూడండి: "నమస్తే అన్నా, ఈ ఏడే బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తయింది. మీరు క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నారని చూశాను. ఆ పని గురించి నాలుగు ప్రశ్నలున్నాయి. ఆదివారం ఓ పావుగంట మాట్లాడొచ్చా? ఉద్యోగం అడగడానికి కాదు." ఆ చివరి ముక్క ఉంటే జవాబివ్వడానికి ఆయనకి మొహమాటం ఉండదు.

ఫోన్లో "నేనేం చేస్తే బాగుంటుందన్నా" అని అడిగారో, అరుగు మీద దొరికే జవాబే ఇక్కడా దొరుకుతుంది. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేశారు, మీతో చేరినవాళ్లలో ఎవరైనా మానేస్తే ఎందుకు మానేశారు, ఇంటర్వ్యూలో మీకు రాని ప్రశ్న ఏది, నేను ఇంకెవరితో మాట్లాడాలి? ఇవీ ప్రశ్నలు. ఆఖరిది మర్చిపోవద్దు. ఒకరి నుంచి ఇద్దరు తెలుస్తారు.

మన ప్రాంతానికే వద్దాం. జువాలజీ, ఫిషరీస్, మైక్రోబయాలజీ చదివి, చెరువుల మధ్య బతుకుతూ, రొయ్యల రంగంలో ఏం ఉద్యోగాలున్నాయో గూగుల్‌ని అడిగేవాళ్లున్నారు. పొద్దున్నే చెరువుగట్టు మీద నీళ్ల పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూస్తూ మేత కంపెనీ టెక్నీషియన్ కనిపిస్తాడు, ఆయన్ని అడగండి. ల్యాబులో రొయ్యపిల్లకి తెల్లమచ్చల వైరస్ ఉందేమో అని పీసీఆర్ పరీక్ష చేసే అమ్మాయిని అడగండి. టెక్నీషియన్‌ని అడగాల్సినవి రెండు: నెలకి ఇన్ని టన్నుల మేత అమ్మాలని టార్గెట్ ఉందా, రైతు బాకీపడితే వసూలు ఎవరి మీద? పేరుకి టెక్నీషియనే గానీ పని అమ్మకమే అయ్యే చోట్లున్నాయి. అమ్మకం చేతనైనవాళ్లకి అది మంచి ఉద్యోగమే. తెల్లకోటేసుకుని ల్యాబులో పని అని ఊహించుకుని చేరినవాళ్లే ఆర్నెల్లకి మానేస్తారు.

గ్రూప్స్ రాద్దామనుకునేవాళ్లు హోర్డింగ్ మీది ర్యాంకర్‌నే కాదు, నాలుగేళ్లు రాసి రాకపోయినవాణ్ణి కూడా కలవాలి. ఎన్నాళ్లు పట్టింది, ఖర్చు ఎవరు పెట్టారు, ఎక్కడ ఆపాలో తెలిసిందా, తర్వాత దేంట్లోకి వెళ్లాడు అన్నది అతనే చెప్పగలడు. 2023 డిసెంబరులో వచ్చిన మన ఏపీ గ్రూప్-2 నోటిఫికేషన్‌కి ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో ఆ ఏడాది ఇంటద్దె, మెస్సు బిల్లు ఆగవు కదా. మొదలుపెట్టే రోజే ఎన్ని ప్రయత్నాలో, ఏ వయసు దాకానో కాగితం మీద రాసుకోండి.

సర్కారు వైపు ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. ఉద్యోగాలు వెతుక్కోవడానికి కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, టోల్‌ఫ్రీ 1514. కేంద్రం అప్రెంటిస్ పథకమైన నాట్స్ పోర్టల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్‌తో ఏడాది పని నేర్చుకోవచ్చు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలు లేదు, ఆ ఆశతో చేరకండి. చేతికొచ్చే అనుభవం, సర్టిఫికెట్ మాత్రం నిఖార్సైనవి.

ఆడపిల్లలు ముక్కూమొహం తెలియని మగవాళ్లకి ఫోన్ చెయ్యాలంటే ఇబ్బందే. లేడీ లెక్చరర్ ద్వారా సీనియర్ అమ్మాయిల్ని పట్టుకోండి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కాల్లో మాట్లాడండి. ఇంట్లో "హైదరాబాదు పంపం" అంటున్నారా? ఆ సీనియర్ అమ్మాయి ఫోన్లో ఉన్నప్పుడు స్పీకర్ ఆన్ చేసి, హాస్టల్ ఎక్కడ, నెలకి ఎంత, నైట్ షిఫ్టుంటే కంపెనీ బండి ఇంటిదాకా దింపుతుందా అన్నవి నాన్నగారినే అడగమనండి.