సిస్టమ్‌కు ఒకటే ఐపీ అనుకోవడం ఇకనైనా మానాలి

ఏ సపోర్ట్ టీమ్‌కు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న "మీ సిస్టమ్ ఐపీ ఎంత?" అనే. ఐపీ అంటే నెట్‌వర్క్‌లో డేటా ఎక్కడికి చేరాలో చెప్పే అడ్రస్. ఫారాల్లో, ఆడిట్ షీట్లలో కూడా దానికి కంప్యూటర్‌కు ఒక్కటే గడి. చాలామందికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఈ అలవాటు వల్లే తలుపులు తెరిచి పెట్టి మూశామనుకుంటున్నాం.

ఐపీ అడ్రస్ ఉండేది కంప్యూటర్‌కి కాదు, ఇంటర్‌ఫేస్‌కి, అంటే అది నెట్‌వర్క్‌కు కలిసే ఒక్కో దారికి. మామూలు ల్యాప్‌టాప్‌లోనే చూడండి. 127.0.0.1 ఎలాగూ ఉంటుంది, అది మెషిన్ తనతో తాను మాట్లాడుకునే లోకల్‌హోస్ట్ అడ్రస్. వై-ఫైకి ఒకటి, కేబుల్ పెడితే ఇంకొకటి, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్ లాంటి వాటికి వేసే రహస్య దారి) ఆన్ చేస్తే మరొకటి. లినక్స్‌లో డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తే సాధారణంగా 172.17.0.1 వచ్చి చేరుతుంది. పైవన్నీ పాత రకం ఐపీవీ4 అడ్రస్‌లు; కొత్త రకం ఐపీవీ6 కూడా ఉంటే ఒక్క వై-ఫై మీదే ఇంకో రెండు మూడు: ఆ నెట్‌వర్క్ లోపలే పనిచేసే, ఎఫ్ఈ80తో మొదలయ్యే లింక్-లోకల్, ఇంటర్నెట్‌లో పనిచేసే మామూలు గ్లోబల్ అడ్రస్, ప్రైవసీ కోసం దాదాపు రోజుకొకటి చొప్పున మారే తాత్కాలిక అడ్రస్. బయటికి వెళ్లేటప్పుడు వీటిలో దేన్ని వాడాలో ఆపరేటింగ్ సిస్టమే తేల్చుకుంటుంది. ఐపీవీ6కి ఆ రూల్స్ 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6724 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్నాయి. అందుకే ఫైర్‌వాల్‌లో (ఏ కనెక్షన్‌ను రానివ్వాలో తేల్చే కాపలాలో) ఒక్క అడ్రస్‌కే అనుమతిస్తే, నిన్న పనిచేసింది ఇవాళ వీపీఎన్ ఆన్ చేయగానే ఆగిపోతుంది. నెట్‌వర్క్ వాళ్లేమో "మా వైపు అంతా ఓకే" అంటారు.

అసలు ప్రమాదం 0.0.0.0 దగ్గర ఉంది. ఒక సర్వీస్ దాని మీద వింటోందంటే, అంటే కనెక్షన్ల కోసం ఎదురుచూస్తోందంటే, మెషిన్‌కున్న ఐపీవీ4 అడ్రస్‌లన్నిటి మీదా వింటోందని అర్థం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తయారుచేసినవాళ్లు జాగ్రత్తపడి అది డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ మీదే వినేలా పెట్టారు. అదే పోస్ట్‌గ్రెస్‌ను డాకర్‌లో పెట్టి, పోర్ట్ (సర్వీస్‌కు తలుపు నంబర్ లాంటిది) ఆప్షన్‌లో 5432:5432 అని ఇస్తే చాలు, అన్ని అడ్రస్‌ల మీదా తెరుచుకుంటుంది. లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ టూల్‌తో ఆ పోర్ట్ బ్లాక్ చేశామని నిశ్చింతగా ఉన్నా లాభం లేదు, డాకర్ పెట్టే రూల్స్ దాన్ని దాటుకుని పోతాయి. ముందు 127.0.0.1 చేర్చి 127.0.0.1:5432:5432 అని రాస్తే ఆ గొడవే ఉండదు. ఇది మొదటి రోజే నేర్పాల్సిన పాఠం. చాలా ట్యుటోరియల్స్ మాత్రం పొట్టి రూపం రాసేసి ముందుకెళ్లిపోతాయి.

"ఇంత తలనొప్పి ఎందుకు, ఐపీవీ6 ఆపేస్తే సరి" అనేవాళ్లతో నేను అస్సలు ఏకీభవించను. ఆపినా వీపీఎన్, డాకర్ అడ్రస్‌లు అలాగే ఉంటాయి. పైగా ఎక్కువ అడ్రస్‌లు ఉండటం బలం. ఒకే కనెక్షన్‌ను ఒకటికి మించిన దారుల్లో నడిపే మల్టీపాత్ టీసీపీ రెండు వైపులా ఉంటే ఫోన్ వై-ఫై వదిలి మొబైల్ డేటాకు మారినా కనెక్షన్ తెగదు. ఆపిల్ 2013లోనే తన వాయిస్ అసిస్టెంట్ సిరికి దాన్ని వాడింది. ఆడిట్ షీట్లు చేసేవాళ్లు ఆ ఒక్క గడి తీసేసి, ఇంటర్‌ఫేస్‌కో వరుస పెట్టి, ఏ సర్వీస్ ఏ అడ్రస్ మీద వింటోందో పక్కనే రాయించండి.