సెంటర్ స్పీకర్‌ని గాజు తలుపు వెనక పెట్టి వెళ్ళాడు

హోమ్ థియేటర్ బిగించడానికి వచ్చిన అబ్బాయి వెళ్ళి రెండు గంటలైంది. నా కోపం ఇంకా దిగలేదు.

ఈ 5.1 సెట్, అంటే ఐదు స్పీకర్లూ బాస్ కోసం ఒక సబ్‌వూఫరూ, కొన్నదే అమ్మ కోసం. అమ్మకి 70 దాటాయి. టీవీలో పాటలు బాగానే వినిపిస్తాయి గానీ మాటలు తెలియవు. ప్రతి సీనుకీ "ఏమన్నాడ్రా?" అని అడుగుతుంది. సినిమాలో మాటలు చాలావరకు సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయని, అనుకున్న దానికంటే ఎక్కువ పెట్టి మంచిది తీసుకున్నాను. దాన్ని ఆ అబ్బాయి టీవీ యూనిట్ కింది అరలో, సెట్‌టాప్ బాక్స్ వెనక్కి తోసి, గాజు తలుపు మూసేశాడు! పైగా "ఇప్పుడు నీట్‌గా ఉంది సార్" అన్నాడు. నోటికి గుడ్డ కట్టి మాట్లాడమన్నట్టు ఉంది.

సరౌండ్ స్పీకర్లు రెండూ తీసుకెళ్ళి ఫాల్స్ సీలింగ్ మూలల్లో బిగించాడు. అవి సోఫాకి అటూ ఇటూ, కొంచెం వెనగ్గా, చెవి కంటే ఒకటి రెండు అడుగుల ఎత్తులో ఉండాలి. పైనుంచి శబ్దం రావాలంటే అది అట్మాస్, దానికి స్పీకర్లే వేరు. ఆ మాట చెబితే "అందరికీ ఇలాగే పెడతాం సార్" అన్నాడు. అందరి ఇళ్ళలోనూ ఇదే గతి అన్నమాట!

ఇక సబ్‌వూఫర్. గది మూలలో, చెక్క అల్మారాలో దూర్చాడు. ఆన్ చేయగానే షోకేసులో గ్లాసులన్నీ గలగలలాడాయి. 40 హెర్ట్జ్ శబ్దం అల పొడవు దాదాపు 28 అడుగులు. మా హాలు 16 అడుగులు. ఆ అల గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి ఒకచోట కుప్పపడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. మూలలో పెడితే ఇంకా ఉబ్బుతుంది. అందుకే సబ్‌వూఫర్‌ని ముందు మనం కూర్చునే చోట పెట్టి, బాస్ ఉన్న పాట వేసి, గోడల వెంబడి వంగి తిరుగుతూ వినాలి. ఎక్కడ బాస్ సమంగా, స్పష్టంగా వినిపిస్తే అక్కడ పెట్టాలి. 20 నిమిషాల పని. చెప్పాను. నవ్వాడు.

క్రాసోవర్, అంటే ఎన్ని హెర్ట్జ్ కంటే కింది శబ్దాలు సబ్‌వూఫర్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగ్, 80 దగ్గర పెట్టాల్సింది 150 పెట్టాడు. మగవాళ్ళ గొంతు ఆ మూల నుంచి బొంగురుగా వస్తోంది. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌తో వచ్చిన మైక్, అదే గదిని కొలిచి లెవెల్స్ సరిచేసేది, కవర్ కూడా చింపకుండా డబ్బాలోనే ఉంది. కొన్న షాపులోనూ అంతే, గుండెలదిరేలా రెండు ఫైట్ సీన్లు వేసి చూపించారు. ఒక్క మాట కూడా వినిపించలేదు.

అసలు ఈ అబ్బాయిని ఎంతని తిట్టను? మూడేళ్ళ క్రితం ఇంటీరియర్ చేసినాయన్ని అడగాలి. టైల్స్ వేయకముందే సోఫా వెనక వరకూ వైర్ల కోసం రెండు పైపులు వేయమని చేతులు పట్టుకున్నంత పని చేశాను. "ఇప్పుడంతా వైర్‌లెస్ సార్, వైర్లెవరు వాడుతున్నారు" అన్నాడు. వైర్‌లెస్ స్పీకర్‌కి మాత్రం కరెంటు వద్దా? వెనక గోడకి ఒక్క ప్లగ్ పాయింట్ కూడా పెట్టలేదు! లక్షలు పోసి కట్టుకున్న ఇంట్లో ఇప్పుడు వైర్ కార్పెట్ కింద నుంచి లాక్కోవాలి. టీవీ కూడా నిలబడి చూసేవాళ్ళ కోసమన్నట్టు అంత పైన బిగించాడు. ఆ గోడ చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

ప్రస్తుతానికి సెంటర్ స్పీకర్‌ని బయటికి తీసి, టీవీ ముందు స్టూలు మీద అమ్మ ముఖం వైపు కొంచెం పైకి వంచి పెట్టాను. అమ్మ అరగంట నుంచి సినిమా చూస్తోంది. ఇంతవరకు ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

సరౌండ్లు రేపు పొద్దున కిందికి దించుతా. మా అపార్ట్‌మెంట్ వాళ్ళెవరి దగ్గరైనా నిచ్చెన ఉంటే చెప్పండి.